చొక్కా వెంట నడవండి: హత్య కేసుల్లో ఫోరెన్సిక్ సంగతులు తెలుసుకోవాలనుకునేవాళ్ల కోసం

నేను రాసిన మొదటి డిటెక్టివ్ కథలో ఇన్‌స్పెక్టర్ రక్తం అంటిన చొక్కాని ప్లాస్టిక్ కవర్లో వేసి, జిప్ లాగి, "సాయంత్రానికల్లా రిపోర్ట్ కావాలి" అంటాడు. సాయంత్రానికి రిపోర్ట్ వచ్చేస్తుంది కూడా. కథ అచ్చయిన వారానికి ఒకాయన ఫోన్ చేశారు. పోలీసు శాఖలో ఏఎస్‌ఐగా రిటైరయ్యారట, ఉండేది హైదరాబాద్ మౌలాలిలో. "టీచరమ్మా, కథ మంచిగుంది. కానీ మీ ఇన్‌స్పెక్టర్ ముద్దాయిని చేతులారా వదిలేసిండు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "తడి చొక్కాని ప్లాస్టిక్‌ల పెడితే ఏమైతది? మీ ఇంట్ల తడి తువ్వాలను కవర్ల చుట్టి మూడు రోజులు మర్చిపోండి, మీకే తెలుస్తది" అన్నారాయన. బూజు పడుతుంది, కంపు కొడుతుంది. చొక్కా మీది రక్తం కూడా అంతే, కుళ్లి అందులోని డీఎన్‌ఏ పాడైపోతుంది. తడి బట్టని ముందు నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేయకూడదు. ఆరాక కాగితం కవర్లో పెట్టి సీలు వేయాలి. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో బయాలజీ చెప్పినదాన్ని. బూజు పాఠం ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. సిగ్గేసింది.

అప్పట్నుంచి నేను నేర్చుకున్న పద్ధతి ఇది. కథలు రాసేవాళ్లకి, కొత్తగా క్రైమ్ బీట్‌లోకి వచ్చిన రిపోర్టర్లకి, లా చదివే పిల్లలకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా, ఫోరెన్సిక్ సైన్సు మొత్తం చదివేద్దామని కూర్చోకండి. నేను కూర్చున్నాను. మూడు నెలల తర్వాత నా దగ్గర రెండు లాంగ్ నోట్‌బుక్కుల నిండా పరీక్షల పేర్లున్నాయి, కథకి పనికొచ్చే వాక్యం ఒక్కటి లేదు. ఏఎస్‌ఐ గారు చెప్పిందే సులువు: "ఒక్క వస్తువు పట్టుకోండి. అది ఎటు పోతే మీరూ అటు పోండి." నేను నా చొక్కానే పట్టుకున్నాను. ఎక్కడ దొరికింది? ఎవరు తీశారు? ఎవరి ఎదుట తీశారు? దేంట్లో పెట్టారు? సీలు ఎవరిది? స్టేషన్లో ఎన్నాళ్లుంది? ల్యాబ్‌కి ఎవరు మోసుకెళ్లారు? ల్యాబ్ ఏమంది? చివరికి కోర్టులో దాన్ని చూసి "అవును, ఇదే" అన్నదెవరు? ఒక్కో ప్రశ్న మిమ్మల్ని ఒక మనిషి దగ్గరికో ఒక కాగితం దగ్గరికో తీసుకెళ్తుంది.

అందరూ ల్యాబ్ నుంచి మొదలుపెడతారు. మీరు తీర్పుల నుంచి మొదలుపెట్టండి. డబ్బు అక్కర్లేదు, ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. ఇండియన్ కానూన్ సైట్లో హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు ఉచితంగా చదవొచ్చు, జిల్లా కోర్టుల తీర్పులు ఈ-కోర్ట్స్ సైట్లో దొరుకుతాయి. వెతికేటప్పుడు ఊరికే "మర్డర్" అని కొడితే సముద్రంలో పడ్డట్టే. మన పోలీసులు వాడే మాటలు ఇంగ్లిష్‌లో కొట్టండి: క్లూస్ టీం (సీన్‌లో ఆధారాలు సేకరించేవాళ్లు), ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్ట్ (ఫోరెన్సిక్ ల్యాబ్ ఇచ్చేది), సీన్ ఆఫ్ అఫెన్స్, మీడియేటర్స్ రిపోర్ట్. ఈ చివరిది మన రెండు రాష్ట్రాల మాట. మిగతా చోట్ల పంచనామా, పంచులు అంటే, మన దగ్గర మధ్యవర్తులు, మధ్యవర్తుల నివేదిక అంటారు. పోలీసులు వస్తువులు తీసేటప్పుడు ఎదుట ఉండి సంతకం పెట్టే సాక్షులే ఈ మధ్యవర్తులు. ఆ ఒక్క మాట కొడితే చాలు, మన ప్రాంతం కేసులు పైకి తేలతాయి.

ట్రయల్ కోర్టు తీర్పుని వెనకనుంచి చదవండి. చివర పట్టిక ఉంటుంది. ప్రాసిక్యూషన్ సాక్షులు పీడబ్ల్యూ 1, 2, 3 అని వరసగా; కాగితాలు ఎగ్జిబిట్లుగా; కత్తి, చొక్కా, చెప్పుల జత వంటివి ఎంఓలుగా, అంటే మెటీరియల్ ఆబ్జెక్టులుగా. మీ చొక్కా ఎంఓ 4 అనుకోండి. ఇప్పుడు తీర్పు మొదటికెళ్లి "ఎంఓ 4" ఎక్కడెక్కడ వచ్చిందో వెతుకుతూ చదవండి. ఆ చొక్కా జీవితచరిత్ర మొత్తం బయటపడుతుంది.

శిక్ష పడ్డ కేసుల కంటే కొట్టేసిన కేసులు ఎక్కువ నేర్పుతాయి. శిక్ష పడిన తీర్పులో "ల్యాబ్ రిపోర్ట్ కూడా బలపరుస్తోంది" అని ఒక లైన్‌తో వదిలేస్తారు. కొట్టేసిన తీర్పులో మాత్రం జడ్జి గారు కూర్చుని ఒక్కో ముడి విప్పుతారు. చొక్కా స్వాధీనం చేసుకుంది ఏ రోజు, ల్యాబ్‌కి చేరింది ఏ రోజు, మధ్యలో మాల్‌ఖానాలో, అంటే స్టేషన్లో కేసు వస్తువులు దాచే గదిలో, ఎవరి అధీనంలో ఉంది, ల్యాబ్ వాళ్లు పోల్చి చూసుకోవడానికి సీలు నమూనా పంపారా. రిపోర్టులో "మనిషి రక్తం, గ్రూపు తేలలేదు" అని ఉంటే, ఆ రక్తం చనిపోయిన మనిషిదే అని ఎలా అంటారు? ఇలాంటి తీర్పులు ఒక పది చదివితే డిఫెన్స్ లాయర్ ఎక్కడ చెయ్యి పెడతాడో మీకే తెలిసిపోతుంది. కంటితో చూసిన సాక్షి లేని కేసులయితే, శరద్ బిర్ధీచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు 1984లో ఇచ్చిన తీర్పు తప్పకుండా చదవండి. సందర్భ సాక్ష్యాల గొలుసు ఎలా ఉండాలో అందులో ఐదు సూత్రాలుగా చెప్పారు. ఆ తర్వాత వచ్చిన ఇలాంటి తీర్పుల్లో అది పదే పదే కనిపిస్తుంది.

తర్వాత నాంపల్లి క్రిమినల్ కోర్టులకి ఒకరోజు వెళ్లండి. కోర్టు విచారణ సాధారణంగా అందరికీ తెరిచే ఉంటుంది, కొన్ని రకాల కేసులు తప్ప. హత్య కేసులు సెషన్స్ కోర్టులో నడుస్తాయి. ఆ రోజు ఏ హాల్లో ఏముందో ఈ-కోర్ట్స్‌లో కాజ్ లిస్ట్ చూసుకోండి. ఫోన్ సైలెంట్‌లో కూడా కాదు, స్విచాఫ్ చేసి వెనక బెంచీలో కూర్చోండి. మొదటి రెండుసార్లూ వాయిదాలే చూసొచ్చాను. టెన్షన్ పడి వెళ్లి ఉత్త చేతుల్తో తిరిగొచ్చాను. మూడోసారి అదృష్టం.

సాక్షి బోనులో ఒక మధ్యవర్తి ఉన్నాడు. బెంచ్ క్లర్కు ఒక గోధుమరంగు కవరు తీశాడు. నోటికి ఎర్ర లక్క, దాని మీద ఇత్తడి సీలు అచ్చు. కవరు మీద క్రైమ్ నంబరు, మధ్యవర్తుల సంతకాలు. ల్యాబ్ వాళ్లు తెరిచి, పరీక్ష చేసి, మళ్లీ తమ సీలు వేసి పంపిన కవరది. బ్లేడుతో కోసి లోపలినుంచి తీస్తే మడతలు పడిన లేత నీలం చొక్కా. గట్టిపడిపోయి అట్టలా ఉంది. మరకలు ఎర్రగా లేవు, ఎండిన చింతపండు రంగులో ఉన్నాయి. మరకల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు. ఛాతీ దగ్గర రెండు చోట్ల అగ్గిపెట్టె సైజులో చతురస్రంగా కన్నాలు. అవి కత్తిపోట్లనుకున్నాను. కాదట, పరీక్షకోసం ల్యాబ్ వాళ్లు కత్తిరించుకున్న ముక్కలట. డిఫెన్స్ లాయరు గారు చొక్కా వైపు చూడనే లేదు. అడిగింది ఒకే ప్రశ్న: "మీరు సంతకం పెట్టినప్పుడు ఈ కవరు అంటించి ఉందా, తెరిచి ఉందా?" మధ్యవర్తి గుటకలు మింగాడు. ఆ ఒక్క ప్రశ్నకి ఎన్ని పుస్తకాలు సాటొస్తాయి!

పుస్తకాలంటే గుర్తొచ్చింది. ఎంబీబీఎస్ పిల్లలు చదివే ఫోరెన్సిక్ మెడిసిన్ పుస్తకం ఒకటి కొనండి. కొత్తది అక్కర్లేదు. ఉస్మానియా మెడికల్ కాలేజీ ఉన్న కోఠిలో సెకండ్‌హ్యాండ్ పుస్తకాల షాపుల్లో తిరిగితే దొరుకుతుంది, లేదంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. ఎవరో పిల్లాడు "ఇంపార్టెంట్" అని ఎర్ర సిరాతో గీసిన కాపీ దొరికితే ఇంకా మంచిది. పాత ఎడిషన్‌లో చట్టం సెక్షన్లు మాత్రం పాతవి ఉంటాయి, అది గుర్తుపెట్టుకోండి.

అందులో చనిపోయిన సమయం గురించిన అధ్యాయం రెండుసార్లు చదవండి, ఎందుకంటే కథల్లో మేం అందరం తప్పు చేసేది అక్కడే. శవం చల్లబడుతుంది, దాన్నిబట్టి టైం చెప్పేయొచ్చు అనుకుంటాం. చలి దేశాల లెక్క అది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో రేకుల షెడ్డు కింద ఎంత వేడుంటుంది? మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు. బయట 42 ఉంటే శవం చల్లబడటం అటుంచి ఇంకా వేడెక్కుతుంది. ఒళ్లు బిగుసుకుపోవడాన్ని రిగర్ మార్టిస్ అంటారు. అది కనురెప్పల్లో, దవడలో ముందు కనిపించి కిందికి దిగుతుంది. ఎండాకాలం త్వరగా వచ్చి త్వరగా పోతుంది. మన దేశపు పుస్తకాల్లో అది ఉండే కాలం చలికాలంలో 24 నుంచి 48 గంటలు, ఎండాకాలంలో 18 నుంచి 36 గంటలు అని రాస్తారు. ఎంత తేడానో చూడండి. డాక్టరైన నా పాత స్టూడెంట్‌ని "మరి రాత్రి పదీ ఇరవైకి చనిపోయాడని ఎలా చెప్తారు?" అని అడిగితే నవ్వాడు. "అలా ఎవరూ చెప్పరు మేడం. చూసినదానికి ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల ముందు అని రాస్తాం. పదీ ఇరవై సంగతి చనిపోయినాయన సెల్‌ఫోన్ చెప్పాలి, లేదంటే వీధి చివర సీసీ కెమెరా."

విషం అనుమానమున్న కేసుల్లో డాక్టర్లు తీసి పంపే భాగాలని విసెరా అంటారు. ఇక్కడ నాకు ఎంతో నచ్చిన చిన్న వివరం ఒకటుంది. ఒక సీసాలో జీర్ణాశయం, అందులో ఉన్నది, కొంచెం చిన్నపేగు. రెండో సీసాలో కాలేయం ముక్క, రెండు మూత్రపిండాల్లో సగం సగం. రెండింటిలోనూ మామూలుగా పోసేది ఇంకా కరగనంతగా ఉప్పు కలిపిన నీళ్లు. బయాలజీ ల్యాబ్‌లో కప్పల్ని మేం ఫార్మలిన్‌లో ఉంచేవాళ్లం, ఇక్కడ అది పోస్తే విషం కనిపెట్టడం కష్టమవుతుంది. మూడో సీసాలో ఏ అవయవమూ ఉండదు, ఉత్త ఉప్పునీళ్లే. ఎందుకంటే రేపు ఎవరైనా "విషం మీ ఉప్పునీళ్లలోనే ఉందేమో" అంటే చూపించడానికి. ఆ మూడో సీసాని మీ కథలో ఒక్కసారి చూపించండి, తెలిసినవాళ్లు రాశారని పాఠకుడికి తెలిసిపోతుంది.

ఇక ల్యాబుల సంగతి. రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ రెడ్ హిల్స్‌లో ఉంది. కేంద్ర ప్రభుత్వ ల్యాబ్ రామంతాపూర్‌లో. డీఎన్‌ఏ కోసం ప్రత్యేకంగా పెట్టిన సీడీఎఫ్‌డీ సంస్థ ఉప్పల్ వైపు. లోపలికి మిమ్మల్ని రానివ్వరు, అడిగి విసుగు పుట్టించకండి. అక్కడి వాళ్లు నడుస్తున్న కేసుల గురించి మాట్లాడరు, మాట్లాడకూడదు కూడా. ఒక ల్యాబ్‌లో ఒకే వస్తువు రెండు మూడు విభాగాలు తిరగొచ్చని మాత్రం తెలుసుకోండి. రక్తం బయాలజీకి, సెరాలజీకి (రక్తం ఎవరిదో, ఏ గ్రూపో చూసేది), విసెరా టాక్సికాలజీకి (విషాలు చూసేది), తూటా బాలిస్టిక్స్‌కి (తుపాకులు, తూటాలు చూసేది), ఫోన్ కంప్యూటర్ విభాగానికి. రక్తమా కాదా అని మొదట చేసే పరీక్షలో ఫినాల్ఫ్తలీన్‌తో గులాబీ రంగు వస్తుంది. మన పిల్లలు పదో తరగతిలో ఆమ్లాలు క్షారాలకి వాడేదే, కాకపోతే వేరే రూపంలో. రంగు రాగానే రక్తమని తేల్చెయ్యరు, కొన్ని కూరగాయల రసాలకీ ఆ రంగు వస్తుంది. తర్వాత అది మనిషిదా, జంతువుదా? ఎవరిది? ఒక్కో మెట్టుకీ వేరే పరీక్ష. ఆ మరక ఎప్పుడు పడిందో మాత్రం గడియారం పెట్టినట్టు చెప్పలేరు. వేలిముద్ర కూడా అంతే, ఎవరిదో చెప్తుంది కానీ ఏ రోజు పడిందో చెప్పదు.

వేలిముద్ర మాట వచ్చింది కాబట్టి ఒక పాత కేసు. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో మొదలైంది. ముద్రల వర్గీకరణకి లెక్కలు కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు, పేరు మాత్రం వాళ్ల పైఅధికారి హెన్రీకి దక్కింది. ఆ రోజుల్లోనే జల్పాయ్‌గురిలో ఒక టీ తోట మేనేజర్ హత్యకి గురయ్యాడు. ఆయన సామాన్లలో ఉన్న బెంగాలీ పంచాంగం మీద రక్తపు మరక, అందులో బొటనవేలి ముద్ర. వెతికితే అది పాత నౌకరుది. ముద్ర కలిసింది. అయినా కోర్టు అతనికి శిక్ష వేసింది దొంగతనానికే, హత్యకి కాదు. పంచాంగాన్ని ముట్టుకున్నాడని ముద్ర చెప్పగలదు, చంపాడని చెప్పలేదు కదా. నూట పాతికేళ్ల కిందటి ఈ తేడాని ఇవాళ్టి టీవీ యాంకర్లకి ఎవరైనా చెబితే బాగుండు.

డీఎన్‌ఏ విషయంలో మన ఊరికి సొంత కథ ఉంది. తార్నాక దాటాక హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది కదా, అక్కడ లాల్జీ సింగ్ 1988లో దేశీయంగా డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ తయారుచేశారు. దానికి వాడిన ప్రోబ్, అంటే పోలిక వెతికిపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క, ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? ఒంటినిండా పట్టీలుండే కట్లపాము జాతి పాము నుంచి. ఆయన చాలా ఏళ్లుగా పాముల క్రోమోజోముల మీద పనిచేస్తున్నారు. 1995 జులైలో ఢిల్లీలో భార్యని చంపి శవాన్ని హోటల్ తందూరులో కాల్చిన తందూర్ హత్య కేసులో కాలిపోయిన శరీరం ఎవరిదో తేల్చిన డీఎన్‌ఏ పరీక్ష జరిగింది ఇక్కడే, తల్లిదండ్రుల రక్తంతో పోల్చి. ఆ కేసులో ఇంకోటి కూడా చూడండి: మొదటి పోస్ట్‌మార్టంలో కనబడని తూటాలు రెండో పోస్ట్‌మార్టంలో ఎక్స్‌రే తీస్తే బయటపడ్డాయి. సీసీఎంబీ వాళ్లు జనం కోసం ఓపెన్ డే పెట్టినప్పుడు వెళ్లండి. నేను మా తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లేదాన్ని.

చట్టం దగ్గర ఒక్క జాగ్రత్త. 2024 జులై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకొచ్చాయి. నేరం జరిగిన తేదీ దానికి ముందా, తర్వాతా? ముందయితే హత్యకి పాత శిక్షాస్మృతి ఐపీసీలో 302, ఆ రోజు నుంచయితే దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లో 103. ఇంక్వెస్ట్, అంటే శవ పంచనామా, దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 174, దాని బదులు వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194. అన్నిటికంటే పెద్ద మార్పు బీఎన్‌ఎస్‌ఎస్ 176(3). ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు సీన్‌కి వచ్చి ఆధారాలు సేకరించాలి, దాన్ని వీడియో తీయాలి. దీన్ని అమల్లోకి తెచ్చుకోవడానికి రాష్ట్రాలకి ఐదేళ్ల వరకు గడువిచ్చారు. సోదా చేసినప్పుడు, వస్తువులు స్వాధీనం చేసుకున్నప్పుడు వీడియో తీయాలని 105 చెప్తుంది. కాబట్టి ఇవాళ్టి కథలో సీన్ దగ్గర ఎవరో ఒకరు సెల్‌ఫోన్ పట్టుకుని రికార్డ్ చేస్తూ ఉండాలి. ఇంకోటి, నార్కో టెస్ట్ పెట్టి నిజం కక్కించే సీను రాయకండి. మనిషి ఒప్పుకోకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే సెల్వి కేసులో తేల్చేసింది.

ఆర్‌టీఐ పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. పది రూపాయల ఫీజుతో పెట్టొచ్చు, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. నడుస్తున్న కేసు కాగితాలు అడిగితే దర్యాప్తుకి అడ్డమని 8(1)(హెచ్) కింద తిప్పి పంపుతారు. ల్యాబ్‌లో ఎన్ని విభాగాలున్నాయి, వస్తువులు ఏ ఫారంతో తీసుకుంటారు, ఇలాంటివి అడగండి.

మనుషులతో మాట్లాడేటప్పుడు నేను నేర్చుకున్నది: రిటైరైన వాళ్లతో మాట్లాడండి, కేసు గురించి కాదు, పని గురించి అడగండి. "హంతకుణ్ణి ఎలా పట్టుకుంటారు సార్?" అంటే సినిమా చెప్తారు. "సీన్‌కి వెళ్లేటప్పుడు బ్యాగులో ఏం పెట్టుకునేవాళ్లు?" అంటే చేతులతో చూపిస్తారు. గ్లవ్స్, కాగితం కవర్లు, లక్క, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, టేపు, సుద్దముక్క, కార్బన్ పేపర్లు. వానొస్తే మొదట దేన్ని కప్పుతారు? గుమిగూడిన జనాన్ని ఎవరు వెనక్కి నెడతారు? ఏఎస్‌ఐ గారు మా ఇంట్లో టీ తాగుతూ చెప్పారు: "సీన్‌ని ఎక్కువ చెడగొట్టేది దొంగ కాదమ్మా, చూసిపోదామని వచ్చే జనమూ, ఫొటో దిగే లీడర్లూ."

మార్చురీకి వెళ్లకండి. ఒకసారి నేను వెళ్లాను, గేటు బయటే. చెట్టు కింద ఒక తల్లి తన కొడుకు చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను నోట్‌బుక్ బ్యాగులో పెట్టేసి ఆటో ఎక్కాను. అక్కడ మనకి తెలుసుకోవాల్సింది ఏమైనా ఉంటే అది పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ సాక్ష్యంగా తీర్పులో ఎలాగూ ఉంటుంది.

ఏడాది తర్వాత కథ తిరగరాశాను. ఈసారి ఇన్‌స్పెక్టర్ చొక్కాని స్టేషన్లో ఫ్యాన్ లేని గదిలో నీడన ఆరేయించాడు, కాగితం కవర్లో పెట్టించాడు, ఇద్దరు మధ్యవర్తుల చేత సంతకాలు పెట్టించాడు, లక్క సీలు వేశాడు, సీలు నమూనా విడిగా జతచేశాడు, కానిస్టేబుల్ చేతికిచ్చి రెడ్ హిల్స్ పంపాడు. రిపోర్ట్ రావడానికి నాలుగు నెలలు పట్టించాను. అచ్చయిన రోజు సాయంత్రమే మౌలాలి నుంచి ఫోన్.

"ఇప్పుడు మంచిగ రాసినవ్ టీచరమ్మా."

"సంతోషం సార్."

"గానీ కానిస్టేబుల్ కవర్ ఇచ్చి వట్టి చేతుల్తోటి వాపస్ వచ్చిండు. ల్యాబ్ల రసీదు తీసుకోలే?"